సెల్లార్ గది, కాస్త సియోల్

వాసు: నమస్కారం. ఈ వారం మహానగరాల్లో నేలమాళిగ ఇళ్లు. సియోల్‌లో సగం నేలలోకి దిగి ఉండే ఇళ్లను బంజిహా అంటారు. 2022 ఆగస్టు వానలకు అలాంటి ఒక ఇంట్లో ముగ్గురు మునిగి చనిపోయారు. ఇక బీజింగ్...

శ్రీలత: మూసీతో మొదలుపెడదామన్నాను.

వాసు: ప్రతి వారం మూసీయేనా?

శ్రీలత: సరే, మీ అపార్ట్‌మెంట్ మీటింగ్ ఏమైంది? వాచ్‌మన్ జీతం పెంచారా?

వాసు: లేదు. "సెల్లార్‌లో గది ఉచితంగా ఇస్తున్నాం కదా" అన్నారు.

శ్రీలత: అన్నది మూడో అంతస్తు వాళ్లేగా!

వాసు: అంతస్తులు వద్దు. అయినా ఆ మాటలో అబద్ధం లేదు. మా వైపు బయట అద్దె కట్టాలంటే అతని జీతం చాలదు.

శ్రీలత: జీతం చాలదు కాబట్టే గది ఇచ్చారు. ఆ గదిలో ఉన్నందుకే అర్ధరాత్రి గేటు తీయాలి, తెల్లవారకముందే మోటారు వేయాలి. భార్య మెట్లు కడగాలి. ఆమెకేమిస్తారు?

వాసు: ఫ్లాట్లలో పని చేసుకుంటుంది, ఆ డబ్బు ఆమెదే.

శ్రీలత: మెట్లకు?

వాసు: మెట్లకు... ఏమీ లేదు.

శ్రీలత: మరి ఉచితం ఎవరికి?

వాసు: పాలమూరు నుంచి వచ్చిన మనిషి, పిల్లల బడి దగ్గరని ఆ గదే కావాలంటాడు. నువ్వు ఖాళీ చేయిస్తే సంతోషం నీకే, అతనికి కాదు.

శ్రీలత: ఖాళీ చేయించమన్నానా? కిటికీ ఉన్న గది ఇవ్వమంటున్నాను! 2012 నాటి భవన నిబంధనల్లో సెల్లార్ పార్కింగ్‌కే, కాపురానికి కాదు. వాచ్‌మన్ గది పైన స్టిల్ట్‌లో, అంటే స్తంభాల మధ్య పార్కింగ్‌కు వదిలే అంతస్తులో, కట్టుకోవచ్చు. మీ బిల్డర్ అక్కడ కారుకు చోటు అమ్ముకున్నాడు.

వాసు: అది నిజమే.

శ్రీలత: 1908 వరద తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించారు...

వాసు: వచ్చేసింది మూసీ!

శ్రీలత: విను. ఆయన సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టి నదిని ఆపారు. ఇప్పుడు చెరువులూ నాలాలూ పూడ్చాం కాబట్టి వాన నీరు సెల్లార్లు వెతుక్కుంటోంది. 2020 అక్టోబరు వరదప్పుడు మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో మొదట ఏమని వచ్చింది?

వాసు: కార్లు పైకి తీయమని.

శ్రీలత: వాచ్‌మన్ వాళ్ల సామాను?

వాసు: బియ్యం తడిసిపోయింది. పరుపు మెట్ల మీద ఆరబెట్టుకుంటే, దారికి అడ్డమని ఒకరు గొడవపడ్డారు.

శ్రీలత: మూడో అంతస్తేనా?

వాసు: ఈసారి కాదు. ...బీజింగ్ మిగిలిపోయింది.

శ్రీలత: రెండు ముక్కల్లో చెప్పు.

వాసు: యుద్ధ భయంతో తవ్విన షెల్టర్లను తర్వాత గదులుగా విడదీసి వలస కూలీలకు అద్దెకిచ్చారు. ఆపైన ప్రమాదకరమని ఖాళీ చేయించారు.

శ్రీలత: వాళ్లెక్కడికి పోయారు?

వాసు: చాలామంది ఊరి చివరకు... ఆగు, కింద ఆ హారన్ నా బండికేనా?