భామ జడ, కెమెరా కంగారు

కూచిపూడి ప్రదర్శనలు, పెళ్లిళ్లు, సభలు వీడియో తీసే మిత్రులందరికీ నమస్కారం. స్టేజీ దగ్గర ఆటో ఎక్స్‌పోజర్‌ని, అంటే వెలుగుని కెమెరాయే సర్దుకోవడాన్ని, ఎందుకు నమ్మకూడదో కూచిపూడిలో సత్యభామ కథ భామాకలాపం చూస్తే చాలు, తెలిసిపోతుంది.

సత్యభామ ప్రవేశం గుర్తు తెచ్చుకోండి. ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. లైటంతా ఆ తెర మీదే. దాని పైనుంచి భామ జడ ఇవతలికి పడుతుంది. ఆటోలో ఉన్న కెమెరా అంత వెలుగు చూసి ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది. తెర తీయగానే వెనకంతా నల్లటి స్టేజీ! ఇక కంగారుపడి అమాంతం పెంచేస్తుంది. సరిగ్గా జనం చప్పట్లు కొట్టే ఆ క్షణంలో భామ మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోతుంది. కళ్లలో అభినయం పోయాక ఎడిటింగ్‌లో తెచ్చేదేమీ ఉండదు.

అందుకే అన్నీ మాన్యువల్‌లో పెట్టండి. ముందు షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సమయం. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే దాంతో వెలిగే చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. సెకనుకు 25 ఫ్రేములు, 1/50 సెకను షట్టర్ పెడితే ఆ మినుకు వీడియోలో కనబడదు. 30 ఫ్రేములు, 1/60లో వదిలేశారంటే వీడియోలో నల్లటి పట్టీలు పాకుతాయి. అమెరికాలో తెలుగువాళ్ల సభలు తీయడానికి వెళ్తే మాత్రం అక్కడ 60 హెర్ట్జ్ కాబట్టి ఆ 1/60 పెట్టడమే సరి. స్టేజీ వెనక పెట్టే ఎల్‌ఈడీ వాల్ సంగతి వేరు. రిహార్సల్‌లోనే టెస్ట్ షాట్ తీసి, గీతలు పోయేదాకా షట్టర్‌ని కొద్దికొద్దిగా జరపండి.

అపర్చర్ అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, దాని అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. ఇక్కడ చాలామంది దెబ్బతినేది కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్‌తో. 3.5–5.6 అని రాసి ఉందంటే జూమ్ చేసేకొద్దీ చీకటవుతుంది. ముందే 5.6కి కట్టేసి ఐఎస్‌ఓ (సెన్సర్ నుంచి వచ్చే వెలుగుని కెమెరా పెంచే మోతాదు) పెంచుకోవచ్చు. నన్నడిగితే అద్దెకైనా 2.8 జూమ్ తెచ్చుకోమంటాను.

ఇక ఐఎస్‌ఓని మొహం చూసి పెట్టండి. జీబ్రాని (వెలుగు ఒక స్థాయికి చేరిన చోట స్క్రీన్ మీద గీతలు చూపించే సదుపాయం) 70 శాతం దగ్గర పెట్టుకుని, నుదుటి మీద, బుగ్గ మీద గీతలు అప్పుడే మొదలయ్యేలా చూసుకోండి. చామనచాయకి ఇంకాస్త తక్కువైనా ఫర్వాలేదు. నీలం లైటు పడ్డప్పుడు మాత్రం జీబ్రాని నమ్మకండి. అది గమ్మునున్నా నీలం ఛానల్ బర్న్ అయిపోయి మొహం రంగుముద్దలా తయారవుతుంది, ఒక స్టాప్, అంటే వెలుగు సగానికి, తగ్గించుకోండి.

పళ్లెం అంచుల మీద నిలబడి ఆడే తరంగంలో ఆ ఇత్తడి పళ్లెం అంచు తళుక్కుమంటే దాని కోసం మాత్రం తగ్గించకండి. మెరవనీండి, పళ్లానికి అభినయం లేదు కదా!