చెన్నైలో గెలుపు సరే, జనవరిలో ఖాళీ అయిన జట్టు సంగతేమిటి? హైదరాబాద్ ఎఫ్‌సీపై చర్చ

(మార్చి 2024. ఫుట్‌బాల్ లీగ్‌లో చెన్నైయిన్ జట్టుపై గెలుపు తర్వాత స్టూడియోలో జరిగిన చర్చలో ఒక భాగం)

వ్యాఖ్యాత: అందరికీ సమానంగా సమయం ఇస్తాను. 2022లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు ఎత్తిన హైదరాబాద్ జట్టు ఈ సీజన్‌లో తొలి విజయం కోసం మార్చి దాకా ఆగింది. చివరికి 1-0తో గెలిచింది, అదీ చెన్నైలో. కుర్రాళ్లు బయట, అంటే ప్రత్యర్థి మైదానంలో గెలిచినప్పుడు సీనియర్లు ఎందుకు గెలవలేదు? మానసిక బలహీనత కాదా?

మాజీ ఆటగాడు: కాదు సార్. జీతం అందని ఆటగాడిని...

వ్యాఖ్యాత: అక్కడికే వస్తాను. ముందు మేడమ్.

పాత్రికేయురాలు: నిరుడు ఇదే క్లబ్బు లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. ఈ జనవరిలో చింగ్లెన్‌సానా, నిఖిల్ పూజారి బెంగళూరుకు, యాసిర్ గోవాకు వెళ్లిపోయారు. విదేశీయుల్లో జోవో విక్టర్ ఒక్కడే మిగిలాడు. అయితే క్లబ్బులకు లీగ్‌లో ఆడేందుకు లైసెన్సులు ఇచ్చేవాళ్లు...

మాజీ ఆటగాడు: ఆటగాళ్లు వెళ్లిపోవడాన్ని మామూలు బదిలీల వ్యాపారం అనుకోకండి మేడమ్! వ్యాపారమైతే ఒకరు వెళితే ఇంకొకరు వస్తారు. ఇక్కడ ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిషేధం ఉంది, కొత్తవాళ్లను నమోదు చేసే వీలే లేదు. వెళ్లడమే, రావడం లేదు.

పాత్రికేయురాలు: నేను చెప్పబోయేది కూడా...

మాజీ ఆటగాడు: ఒక్క నిమిషం. జీతం రాక ఇల్లు గడవని మనిషి విమానం దిగి పరాయి ఊళ్లో తొంభై నిమిషాలు ఎలా పరిగెత్తుతాడు?

వ్యాఖ్యాత: కానీ బయటి మైదానంలో ఒత్తిడి, మానసికంగా...

అభిమాని: సార్, కప్పు గెలిచిన ఏడాది బయటి మైదానం అన్నదే లేదు. కోవిడ్ వల్ల సీజనంతా గోవాలోనే ఆడారు. ఫైనల్‌లో కేరళపై మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు! ఆ జట్టును మన సొంత మైదానం గచ్చిబౌలిలో కళ్లారా చూద్దామని ఎంత ఎదురుచూశామో! పేరుమోసిన ఫుట్‌బాల్ కోచ్ రహీమ్ సాహెబ్ ఊరండీ ఇది. 1950 నుంచి వరుసగా ఐదేళ్లు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచి తెచ్చింది.

వ్యాఖ్యాత: చూశారా, అది మానసిక బలం!

మాజీ ఆటగాడు: ఉద్యోగం సార్, ఉద్యోగం! వాళ్లకు పోలీసు శాఖలో నెలనెలా జీతం వచ్చేది. అది మరిచిపోయి బలం, బలం అంటే ఎలా?

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు, కొంతసేపు మాటలు స్పష్టంగా లేవు)

పాత్రికేయురాలు: ...ఆటగాళ్లను మాత్రమే వెనకేసుకొస్తే సరిపోదు. క్లబ్బు నిలబడాలంటే టికెట్లు...

మాజీ ఆటగాడు: టికెట్ల మాట తర్వాత. కుర్రాళ్ల సంగతి చెప్పనివ్వండి. కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో గారు వాళ్లతోనే చెన్నైలో గెలిపించారు. రేపు వాళ్లకూ జీతం ఆగితే వాళ్లూ వెళతారు. మళ్లీ మీరు మానసిక బలహీనత అంటారు.

వ్యాఖ్యాత: మీ వాదనలో బలం ఉంది, ఒప్పుకుంటాను. మేడమ్, లైసెన్సుల గురించి అర నిమిషంలో?

పాత్రికేయురాలు: అర నిమిషంలో అయ్యే విషయం కాదది. ఆర్థిక పరిస్థితిని సీజన్ మొదలవక ముందే...

మాజీ ఆటగాడు: ముందే చూడాలి, ముందే! నేను మొదటి నుంచి చెబుతున్నది అదే!

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. విరామం తర్వాత ప్రేక్షకుల ఫోన్లు తీసుకుందాం. బయటి మ్యాచ్‌లంటే భయమా, కాదా? మీరే చెప్పండి.

మాజీ ఆటగాడు: భయం కాదని చెబుతుంటే...