ఎర్ర కిరీటం పెట్టుకున్న మంత్రగత్తె

శ్రోతలకు నమస్కారం. మంత్రగత్తె అంటే మా చిన్నప్పుడు జుట్టు విరబోసుకుని, చేతిలో కర్ర పట్టుకున్న ముసలమ్మ. ఇప్పటి పిల్లల్ని అడిగి చూడండి. ఎర్ర కిరీటం పెట్టుకుని, వేళ్ల చివర ఎర్రటి వెలుగుతో గాల్లో తేలే వాండా అంటారు.

వాండా, అంటే అమెరికాలో కామిక్స్ వేసే మార్వెల్ కంపెనీ వాళ్ల స్కార్లెట్ విచ్, 1964లో ఎక్స్-మెన్ అనే కామిక్ నాలుగో సంచికలో పుట్టింది. తమాషా ఏమిటంటే, పేరులో విచ్, అంటే మంత్రగత్తె, అని ఉన్నా అప్పట్లో ఆమెకు మంత్రాలేవీ రావు. పుట్టుకతోనే వింత శక్తి ఉన్న మ్యూటంట్ ఆమె. చెయ్యి చూపిస్తే చాలు, ఎదుటివాడికి ఏదో ఒకటి వికటిస్తుంది. మన దిష్టి లాంటిదే అనుకోండి! 1970ల్లో అగాథా హార్క్‌నెస్ అనే ముసలావిడ గురువుగా దొరికాకే అసలు మంత్రవిద్య మొదలైంది.

ఈ అగాథాకు కథలో సేలంతో చుట్టరికం. సేలం నిజమైన ఊరే, అమెరికాలో మసాచుసెట్స్‌లో ఉంది. అక్కడ 1692లో చేతబడి చేశారంటూ 19 మందిని ఉరి తీశారు. నేరం ఒప్పుకోను, కాదనీ అనను అని మొండికేసిన ఒక ముసలాయన్ని బండరాళ్ల కింద నలిపి చంపారు. పాపం, వాళ్లంతా ఇరుగుపొరుగు అనుమానానికి బలైన మామూలు మనుషులు. కామిక్స్‌లో మాత్రం సేలంలో మంత్రగత్తెలు నిజంగానే ఉన్నారు. అది చదివితే నాకు మనసు చివుక్కుమంటుంది. బాణామతి పేరుతో మన పల్లెల్లో దెబ్బలు తిన్నవాళ్ల గురించి విన్నవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు.

ఇక విక్కా సంగతి. ఇది కథ కాదు, మంత్రవిద్య చుట్టూ అల్లుకున్న నిజమైన మతం. ఇంగ్లండ్‌లో 1951లో పాత మంత్రవిద్య చట్టం రద్దయ్యాక, కస్టమ్స్‌లో పనిచేసి రిటైరైన జెరాల్డ్ గార్డ్‌నర్ దీన్ని జనంలోకి తెచ్చారు. ఒక దేవత, ఒక దేవుడు, ఏడాదికి 8 పండుగలు, పౌర్ణమి పూజలు. ఎవరికీ హాని చెయ్యకుండా నీకు నచ్చినట్టు బతుకు అన్నది వాళ్ల నియమం. ఇందులో వేళ్లలోంచి మెరుపులు రావు. 2005లో మార్వెల్ వాళ్లు కొత్తగా తెచ్చిన ఒక కుర్ర హీరోకి మాత్రం 'విక్కన్' అని పేరు పెట్టారు. అంటే విక్కా మతస్థుడు అని. అతనేమో మెరుపులు విసురుతాడు!

అదే ఏడాది వచ్చిన కామిక్ కథలో వాండా మతి చలించి, మూడే మూడు మాటలతో లక్షల మంది మ్యూటంట్ల శక్తి లాగేసుకుంది. ఆడదాని చేతిలో అంత శక్తి ఉంటే మనసు అదుపు తప్పుతుందన్న పాత భయమే ఇది. కిరీటం మాత్రం కొత్తది.

విక్కా వాళ్ల గుర్తు వలయంలో అయిదు కోణాల నక్షత్రం. సినిమాల్లో దాన్ని చూస్తే దెయ్యాల కథ అనుకుంటాం. అమెరికాలో సైనికుల సమాధి రాళ్ల మీద అది చెక్కించుకోవడానికి విక్కా కుటుంబాలు ఏళ్ల తరబడి పోరాడాయి. 2007లో ప్రభుత్వం సరేనంది.