పోయిన అన్నప్రాసన ఫొటోలు దొరికాయండీ!

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? మా డాలస్ పక్కన ఫ్రిస్కోలో వాన ఇంకా తగ్గలేదు, బయటికెళ్లేది లేదు కాబట్టి ఇవాళ వ్లాగ్ అంతా ఈ టేబుల్ దగ్గరే. మా ఫొటోలన్నీ పెట్టుకునే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అవుతూ మధ్యలో క్రాష్ అయింది. మళ్లీ తెరిస్తే లైబ్రరీ ఖాళీ. 2017 మే నెలలో రాజమండ్రిలో చేసిన మా బాబు అన్నప్రాసన కూడా అందులోనే. సాఫ్ట్‌వేర్ పేరు అడక్కండి, చెప్పను.

మా ఆయన వెంటనే "తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దాం" అని కూర్చున్నారు. ఆగండి బాబూ అని హార్డ్ డిస్క్ కేబుల్ పీకేశాను. ఇదొక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా: ఫొటోలు పోయిన డిస్క్ మీద కొత్తగా ఏదీ పడకూడదు. ఫైల్ డిలీట్ అయితే ఫొటో వెంటనే చెరిగిపోదండీ. అది ఎక్కడుందో చెప్పే చిట్టా పోతుంది, అంతే. ఆ చోటు ఖాళీయే కదా అని ఇంకో ఫైల్ వచ్చి కూర్చుంటే అప్పుడు నిజంగా పోయినట్టు. ఇదంతా లోపల పళ్లెం తిరిగే పాత హార్డ్ డిస్కుల సంగతి. ఎస్‌ఎస్‌డీల్లో, అంటే పళ్లెం లేని కొత్తరకం డిస్కుల్లో, ట్రిమ్ అని ఒకటుంటుంది, డిలీట్ చేసిన చోటంతా అదే ఊడ్చేస్తుంది. వాటిమీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. మాది పాతకాలం డిస్క్ కావడం మా అదృష్టం.

లైబ్రరీ ఖాళీగా ఉందంటే ఫొటోలు లేవనీ కాదు. చాలా సాఫ్ట్‌వేర్లలో ఆల్బమ్‌ల లెక్క ఒక డేటాబేస్‌లో, అసలు ఫొటోలు వేరే ఫోల్డర్‌లో ఉంటాయి. ఆ ఫోల్డర్ వెతికితే మాకు చాలావరకు అక్కడే ఉన్నాయి. ఇండియా ట్రిప్ మాత్రం లేదు.

అప్పుడు పోయిన ఫైళ్లు వెతికిపెట్టే ఫొటోరెక్ అనే ప్రోగ్రామ్ దించాను. క్రిస్టోఫ్ గ్రెనియే అనే ఆయన రాశారు, ఉచితం. ఇదిగో, స్క్రీన్ చూడండి, నల్లటి తెర మీద అక్షరాలు, మా ఆయనకి చూడగానే నీరసం వచ్చింది. పని మాత్రం గట్టిది. కెమెరా ఫొటోలు మామూలుగా జేపెగ్ అనే రకం ఫైళ్లు. జేపెగ్ ఫైల్ ఏదైనా సరే ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్ అనే బైట్లతో మొదలవుతుంది. ఫొటోరెక్ చిట్టా జోలికి పోకుండా డిస్క్ మొత్తం ఆ గుర్తు కోసం గాలిస్తుందన్నమాట. దొరికినవి ఇంకో డిస్క్‌లోకే పంపాలి, మర్చిపోకండి. రాత్రంతా నడిచింది.

పొద్దున్నే చూస్తే ఫొటోలొచ్చాయి గానీ పేర్లు రాలేదు. ఎఫ్ అక్షరం, పక్కన పొడుగాటి అంకె. ప్రతిదానికీ మా ఫొటోల సాఫ్ట్‌వేర్ చేసుకున్న బుల్లి కాపీలు కూడా కలిసిపోయాయి. సైజు ప్రకారం వరస పెట్టి చిన్నవన్నీ పక్కకి తోసేశాను. పేరు పోయినా కెమెరా రాసిన తేదీ ఫొటో లోపలే, ఎగ్జిఫ్ అనే వివరాల్లో ఉంటుంది కాబట్టి, ఆ వివరాలు చదివి మార్చే ఫిల్ హార్వే గారి ఎగ్జిఫ్‌టూల్ ప్రోగ్రామ్‌తో తేదీలే పేర్లుగా పెట్టేశాను.

అక్కడొచ్చింది తమాషా. పొద్దున తొమ్మిదీ నలభైకి ముహూర్తమైతే, ఫొటోలో ముందురోజు రాత్రి పదకొండూ పది! కెమెరా గడియారం డాలస్ టైంలోనే ఉండిపోయింది. అన్ని ఫొటోలకీ కలిపి పదిన్నర గంటలు జరపమని ఎగ్జిఫ్‌టూల్‌కి ఒక్క లైనులో చెప్తే సరిపోయింది. చలికాలంలో ఇక్కడ గడియారం గంట వెనక్కి జరుపుతారు కాబట్టి అప్పటి ఫొటోలకైతే పదకొండున్నర, గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఈ ఫొటో చూడండి. చాప మీద పుస్తకం, పెన్ను, బంగారం, డబ్బులు పెట్టాం. వీడు పాక్కుంటూ వెళ్లి చెయ్యి చాపాడు. వేళ్ల దగ్గర్నుంచి కిందంతా బూడిద రంగు! ఫైల్ ముక్కలుగా పడి ఉంటే ఫొటోరెక్‌కి ఇలా మొదటి ముక్కే చిక్కుతుంది ఒక్కోసారి. అత్తయ్యకి వీడియో కాల్ చేస్తే "పెన్నే పట్టుకున్నాడమ్మా, నేను పక్కనే ఉన్నాగా" అన్నారు. మా ఆయనేమో డబ్బులంటారు. పక్కనుంచి మావయ్య "ఉండండి, మన పాత ఫోన్‌లో ఉండాలి" అని బీరువా తీశారు. అది ఛార్జ్ అయ్యేలోపు ఇక్కడ నాకు అర్ధరాత్రి.

వాట్సాప్ ఇమేజెస్ ఫోల్డర్‌లో దొరికిందండీ. వాట్సాప్ కుదించేస్తుంది, కెమెరా తేదీ కూడా తీసేస్తుంది, ప్రింటుకి పనికిరాదు. కానీ పేరులోనే తేదీ ఉంది, బొమ్మ పూర్తిగా ఉంది. వీడు పట్టుకున్నది పెన్నూ కాదు, డబ్బులూ కాదు. పక్కన పెట్టిన పరమాన్నం గిన్నె! అత్తయ్య మాత్రం ఒప్పుకోవట్లేదు, పెన్ను ముందే పట్టుకుని వదిలేశాడట.

ఆ ఎగ్జిఫ్‌టూల్ లైన్ కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను, అసలు ఫొటోల మీద కాకుండా వాటి కాపీ మీద నడపండి. ఇంకా ఎవరో తెలియని చుట్టాల ఫొటోలు బోలెడున్నాయి, ఆదివారం మావయ్య, అత్తయ్య కాల్‌లో కూర్చుని పేర్లు చెప్తామన్నారు. వాన కాస్త తెరిపిచ్చింది, కూరగాయలకి వెళ్లొస్తాను. బై అండీ!