స్పీడ్ గన్ కాసేపు జేబులో పెట్టండి

అధ్యక్షులవారికి, సభకు నమస్కారం. పరిచయాల్లోనే పావుగంట గడిచింది కాబట్టి నేరుగా రింకూ సింగ్ దగ్గరికి వస్తాను. క్రికెట్ రింకూ కాదండీ! ఈయన ఉత్తరప్రదేశ్‌లోని భదోహి వైపు కుర్రాడు, జావెలిన్ విసిరేవాడు. 2008లో బేస్‌బాల్ పిచర్ల కోసం పెట్టిన ఒక టీవీ పోటీలో గంటకు 87 మైళ్ల వేగంతో బంతి విసిరి లక్ష డాలర్లు గెలిచాడు. ఆ నవంబరులోనే అమెరికా బేస్‌బాల్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్ అతన్నీ, అదే పోటీలో విసిరిన దినేశ్ పటేల్‌నీ తీసుకుంది. ఆ 87 అందరికీ గుర్తుంది. తర్వాతి నాలుగేళ్లు ఎవరికీ పట్టవు. నా బాధంతా అదే.

పైరేట్స్ పెద్ద జట్టుకి చేరాలంటే కింది జట్లలో, అంటే మైనర్ లీగుల్లో, మెట్టు మెట్టుగా ఎక్కిరావాలి. 2009లో ఫ్లోరిడాలో గల్ఫ్ కోస్ట్ లీగ్, అంటే అట్టడుగు మెట్టు. 2010లో స్టేట్ కాలేజ్ అనే ఊరి జట్టు. 2012లో వెస్ట్ వర్జీనియాలో లో-ఏ అనే మెట్టు: 39 ఆటలు, 72 ఇన్నింగ్స్ (మూడు ఔట్లకు ఒక ఇన్నింగ్స్), ఈఆర్ఏ 3.00, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున తనవల్ల పోయిన పరుగులు మూడే. దానిపైన హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ ఇంకా ఉన్నాయి. గాయాలొచ్చి ఆ మెట్లు ఎక్కలేకపోయాడు. ‘ఫెయిలయ్యాడు’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. బేస్‌బాల్ ముఖమే చూడనివాడు నాలుగేళ్లలో అక్కడిదాకా వెళ్లడం చిన్న విషయమా, మీరే చెప్పండి!

అసలు కష్టం ఎక్కడుందో చూడండి. జావెలిన్ 800 గ్రాములు. పరుగెత్తుకొచ్చి విసరాలి, పోటీ మొత్తానికి ఆరు విసుర్లు. బేస్‌బాల్ బంతి 150 గ్రాములు కూడా ఉండదు. పరుగు లేదు. పది అంగుళాల దిబ్బ మీద రబ్బరు పలకకు పాదం ఆనించి, 18.44 మీటర్ల అవతల బ్యాటర్ పక్కన నేల మీదుండే 17 అంగుళాల వెడల్పున్న ప్లేటు మీదికి వెయ్యాలి. అదీ ఎనభై, తొంభైసార్లు. బ్యాటర్ వైపున్న భుజం తొందరపడి తెరుచుకుంటే చెయ్యి వెనకబడుతుంది, బంతి పైకి తేలుతుంది, బరువంతా మోచేతి లోపలి లిగమెంటు మీద పడుతుంది.

ఇక ఛేంజప్, అంటే ఫాస్ట్‌బాల్ లాగే కనిపిస్తూ నెమ్మదిగా వచ్చే బంతి. బంతిని వేళ్ల కొసల నుంచి అరచేతిలోకి జరిపి, చెయ్యి మాత్రం ఫాస్ట్‌బాల్ వేగంతోనే తిప్పాలి. పిల్లలు చెయ్యినే నెమ్మదిస్తారు. బ్యాటర్ అది ఇట్టే కనిపెడతాడు. వేగంతో నెట్టుకొచ్చినవాణ్ణి పై మెట్ల మీద ఆపేది ఇది రాకపోవడమే.

చీటీ అందింది. ముగిస్తాను... అమ్మా, అయ్యా, ఒక్క మాట! శనివారం ఒక జట్టుకీ ఆదివారం ఇంకో జట్టుకీ పిల్లాడి చేత పిచింగ్ చేయిస్తున్నారు, అంటే బ్యాటర్‌కి బంతులు వేయిస్తున్నారు. పదేళ్లవాడికి రోజుకు 75 బంతులే హద్దు, పన్నెండేళ్లవాడికి 85. 66 గానీ ఆపైన గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. రెండు జట్ల లెక్కా కలిపే చూడాలి. పిచింగ్ చేసిన రోజే బ్యాటర్ వెనక క్యాచర్‌గా నిలబెట్టకండి, పట్టిన బంతిని తిరిగి విసరాలి కాబట్టి అదీ విసరడమే. స్పీడ్ గన్‌కి వందల డాలర్లు పోస్తారు, బంతికో గీత గీయడానికి పెన్సిల్ ఉండదు!

పిల్లలూ, రేపు ఆట ఉన్నవాళ్లు చేతులెత్తండి. వీళ్లలో నిన్న 66 గానీ ఆపైన గానీ వేసినవాళ్లెవరు? ఆ ముగ్గురి తల్లిదండ్రులూ, రేపు పిచింగ్ వద్దు, విసరడం తక్కువుండే ఫస్ట్ బేస్‌లో ఆడించమని ఈ రాత్రికే కోచ్‌కి ఫోన్ చెయ్యండి.