వేలు పెట్టాల్సిన చోటు

వేదిక మీది పెద్దలకూ, వెనక కిటికీ పక్కన చోటు వెతుక్కున్నవాళ్ళకూ నమస్కారం. నాకిచ్చిన అంశం 'ఇంటి తోట, ఆరోగ్యం, ఆనందం'. నాలుగు పేజీలు రాసుకొచ్చాను. ఆరోగ్యం పేజీలు జేబులోనే ఉంచేస్తున్నా, ఏమీ అనుకోకండి. ఇందాక మెట్ల దగ్గర ఒకాయన ఆపి, "మా మల్లె వడలిపోతోందండీ, రెండు పూటలా నీళ్ళు పోస్తున్నా కూడా" అన్నారు. ఆ 'కూడా' విన్నాక నాకు వేరే మాట తోచడం లేదు.

మా ఇంట్లో మల్లెను చంపింది నేనేనండి.

మా ఆవిడ అమ్మాయి పురుడికి వెళ్తూ కుండీలన్నీ నాకప్పగించింది. రిటైరైన కొత్త. చేతినిండా పని దొరికిందన్న హుషారులో పొద్దున మగ్గు, సాయంత్రం మగ్గు. వారం తిరిగేసరికి మల్లె ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. దాహం అనుకున్నా. మూడో మగ్గు మొదలుపెట్టా. కొమ్మలు వాలిపోయాయి. టెన్షన్ పడి మధ్యాహ్నం కూడా పోశా! ఇక్కడే ఉంది మోసం. నీళ్ళు చాలకపోయినా ఆకు వాలుతుంది, ఎక్కువైనా అలాగే వాలుతుంది. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉండాలి. సందులన్నీ నీళ్ళతో నిండితే వేరుకు ఊపిరాడదు, కుళ్ళుతుంది. కుళ్ళిన వేరు ఎదురుగా నీళ్ళున్నా పీల్చలేదు.

నాకంటే ముందే ఒక పెద్దమనిషి గాలిని మరిచిపోయాడు లెండి. వాన్ హెల్మాంట్ అని, 17వ శతాబ్దపు శాస్త్రవేత్త. 200 పౌండ్ల ఎండుమట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, 5 ఏళ్ళు నీళ్ళు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌండ్లయింది, మట్టి తగ్గింది సుమారు 2 ఔన్సులు. కాబట్టి చెట్టంతా నీళ్ళే అని తేల్చేశాడు. చెట్టు పెరగడానికి కావాల్సిన సరుకు ఆకు గాలిలోంచి కూడా తీసుకుంటుందని తట్టలేదు. 'గ్యాస్' అన్న మాట పుట్టించింది కూడా ఆయనే! అంతటివాడికే తప్పలేదు, నేనెంత అని సర్దిచెప్పుకుంటుంటాను.

సరే, మా ఆవిడ వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా కుండీ దగ్గరికెళ్ళి మట్టిలోకి వేలు దించింది. రెండో కణుపు దాకా. వేలు తీసి వాసన చూసింది. నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. మొక్కను పెకలిస్తే వేళ్ళు నల్లగా, జావలా ఊడొచ్చాయి. ఒక్క కొమ్మ పచ్చగా మిగిలితే దాన్ని కోసి, వేరే కుండీలో గుచ్చి, "దీనికి మీరు నీళ్ళు పోయకండి. ఊరికే చూడండి" అంది.

అన్నిట్లో వేలు పెట్టొద్దంటారు కదా, ఇక్కడ మాత్రం పెట్టాలండీ. పైమట్టి ఆరినట్టే కనిపిస్తుంది, లోపల చెమ్మ ఉంటుంది. వేలికి తడి తగిలితే ఆ పూట మగ్గు ముట్టుకోకండి. ఇది రాసుకోండి. కుర్రాళ్ళూ, ఫోన్లో అయినా సరే.

ఆనందం గురించి చెప్పాలి కదా, ఆ 'ఊరికే చూడటం'లో దొరికింది. నీళ్ళు పోసే హక్కు పోయాక నాకు చూడటమే మిగిలింది. నెల దాటాక కణుపు దగ్గర ఆవగింజంత చిగురు. చీకటి పడుతుండగా చంద్రకాంత విచ్చుకుంటుంది, అదీ చూశా. కాకర నులితీగ కర్రను పట్టుకున్నాక స్ప్రింగులా చుట్టుకుంటుంది. సగం ఒక వైపుకి, మిగతా సగం దానికి ఎదురు. డార్విన్ జబ్బుపడి గదిలోనే ఉన్న రోజుల్లో హాప్ తీగ కొస గుండ్రంగా తిరగడం చూస్తూ కూర్చున్నాడు, ఒక్కో చుట్టుకి దాదాపు 2 గంటలు. ఆ ఓపిక నాకు లేదు. అరగంటకే కాఫీ గుర్తొస్తుంది.

నిర్వాహకులు వాచీ చూపిస్తున్నారు, అయిపోయింది. మెట్ల దగ్గర కలిసిన అయ్యా, ఎక్కడ కూర్చున్నారు? కుండీ అడుగున కన్నం మూసుకుపోయిందేమో ముందు చూడండి. మిగతా సందేహాలుంటే మూడో వరుసలో మా ఆవిడ ఉంది. ఆవిణ్ణే అడగండి. నాకింకా మగ్గు ఇవ్వలేదు.