400 లైన్లకి 10 ఫోల్డర్లా? రొయ్యల లెక్కల ప్రోగ్రామ్ రివ్యూ

నమస్కారం అండీ. ఈసారి రివ్యూకి వచ్చింది కావలి నుంచి ఒక తమ్ముడు పంపిన పైథాన్ ప్రాజెక్ట్. వాళ్ల నాన్నకి అల్లూరు దగ్గర రొయ్యల గుంటలున్నాయి. ఏ గుంటకి ఎన్ని బస్తాల మేత పడింది, పట్టుబడి రోజు ఎంత కౌంట్ వచ్చింది, చేతికి ఎంత వస్తుంది, ఇవన్నీ లెక్కేస్తుంది. లెక్క కరెక్టుగానే ఉంది.

లోపల చూడండి. కోడ్ మొత్తం 400 లైన్లు, ఫోల్డర్లు 10! కోర్ అంట, సర్వీసెస్ అంట, హెల్పర్స్ అంట, యూటిల్స్ అంట. హెల్పర్స్ తెరిస్తే ఒకే ఒక ఫంక్షన్, ఆరు లైన్లు. ఏందబ్బా ఇది?

సరే, చిన్న పరీక్ష పెడదాం. కేజీకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్, దాన్ని బట్టే రేటు. ఆ రేటు నిలకడగా ఉండదని మన జిల్లాలో ఎవరినడిగినా చెప్తారు. మరి రేటు మారితే ఎన్ని ఫైళ్లు తెరవాలి? కాన్ఫిగ్‌లో ఒకటి, మోడల్స్‌లో ఒకటి, సర్వీసెస్‌లో ఇంకొకటి. ఇదిగో, రిపోర్ట్ ఫైల్ 38వ లైన్లో 30 కౌంట్ రేటు అంకెతో సహా రాసేశాడు. నాలుగు! ఒక్కటి మర్చిపోయినా నాన్నగారి లెక్క తప్పుతుంది.

సాఫ్ట్‌వేర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నాస్ 1972లోనే చెప్పాడు, మారేలా ఉన్న నిర్ణయాన్ని ఒక మాడ్యూల్, అంటే కోడ్‌లో ఒక విడి భాగం, లోపల దాచిపెట్టమని. మనకి ఆ మారేది రేటు. అందుకే నేను రేట్స్ అని ఒక ఫైల్ పెట్టి, రేటు ఎవరికి కావాలన్నా దాన్నే అడగాలన్నాను. ఇంకా మేతకి ఒకటి, డేటా దాచడానికి ఒకటి, నడపడానికి మెయిన్. నాలుగూ ఒకే ఫోల్డర్లో. టెస్టులకి మాత్రం వేరే ఫోల్డర్. అంతే, ఇంతకన్నా అక్కర్లేదు.

ఈ ఫోల్డర్ ఒక ప్యాకేజీ అని పైథాన్‌కి చెప్పే ఖాళీ ఇనిట్ ఫైళ్లు కూడా చాలా పెట్టాడు. పైథాన్ 3.3 నుంచి అవి తప్పనిసరి కాదులెండి, ఉన్నా నష్టం లేదు.

పేర్ల విషయంలో నేనూ తక్కువేం కాదు. ఒకసారి నా ఫైల్‌కి సీఎస్‌వీ డాట్ పై అని పేరు పెట్టాను. పట్టికల ఫైళ్లు చదవడానికి పైథాన్ లైబ్రరీలో అదే పేరుతో ఒకటి ముందే ఉంది. 'సీఎస్‌వీలో రీడర్ లేదు' అని ఎర్రర్. లేకపోవడమేంటి! రాత్రి రెండింటికి అర్థమైంది. మనం నడిపే ఫైల్ ఉన్న ఫోల్డర్లో వెతికాకే పైథాన్ తన లైబ్రరీలోకి పోతుంది. అది తెచ్చింది నా ఫైల్‌నే.

మార్కులు 10కి 6. తమ్ముడూ, ముందు ఆ 38వ లైన్ తీసేసి మళ్లీ పంపు. ఈ పట్టుబడి లోపల పంపితే నాన్నగారికి కూడా పనికొస్తుంది.